పురుగుమందు సీసా ట్యాంకు

రాజుపాలెంలో మహాలక్ష్మి ఇల్లెక్కడని అడిగితే ముందు నవ్వుతారు, ఆ తర్వాత దారి చూపిస్తారు. యాభయ్యికి దగ్గర పడిన మనిషి, ఎనిమిదెకరాల మిర్చీ పత్తీ దగ్గరుండి చేయించే మనిషి, దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసే కొడుకున్న మనిషి, పత్తి పీకేసిన చేలో నిలబడి బొమ్మ విమానాన్ని తన చుట్టూ తిప్పుతూ తనూ తిరుగుతుంటే నవ్వక ఏం చేస్తారు పాపం. నవ్వనీ. వాళ్ల నవ్వు వల్ల మహాలక్ష్మి చేలో ఒక్క కాయ కూడా తక్కువ పండలేదు.

బొమ్మ విమానమంటే రిమోటుతో ఎగిరేదనుకునేరు. ఇది వేరు. రెండు సన్నటి ఉక్కు తీగెలుంటాయి. వాటి ఒక కొస విమానం రెక్కకు, రెండో కొస మనిషి చేతిలోని పిడికి కట్టి ఉంటుంది. మణికట్టు పైకి వంచితే విమానం ముక్కు లేస్తుంది, కిందికి వంచితే దిగుతుంది. పల్టీలు కొట్టించవచ్చు, తలకిందులుగా నడిపించవచ్చు, గాల్లో ఎనిమిది అంకె రాయించవచ్చు. చేయలేనిది ఒక్కటే. గాల్లోకి లేచాక ఇంజను ఆపడం మనిషి చేతిలో ఉండదు. ట్యాంకులో పోసింది అయిపోయినప్పుడే అది ఆగుతుంది.

కాబట్టి ఈ ఆటలో అసలు తెలివంతా నేల మీదే చూపించాలి, ట్యాంకు ఎంతది పెట్టాలి, అందులో ఎంత పోయాలి అనే దగ్గర. తక్కువైతే పల్టీ మధ్యలో ఇంజను ఆగిపోయి విమానం రాయిలా పడుతుంది. ఎక్కువైతే దిగాల్సిన వేళకు దిగదు. ఈ రెంటికీ మధ్య ఉన్న చోటు చాలా ఇరుకు.

మహాలక్ష్మికి ఈ విద్య గుంటూరులో డిగ్రీ చదివేటప్పుడు ఎన్‌సీసీలో అబ్బింది. మహాలక్ష్మి తీగెలు పట్టుకునేది, ఆమె స్నేహితురాలు షకీలా విమానాన్ని పట్టుకుని సమయం చూసి వదిలేది. డిగ్రీ అయింది, పెళ్లయింది, మిర్చి వచ్చింది, పిల్లవాడు వచ్చాడు, విమానం ఎటో పోయింది. షకీలా నరసరావుపేటలో సైన్సు టీచరయింది. ఇన్నేళ్ల తర్వాత, మొన్న మొన్న, ఆమే ఫోన్ చేసింది.

"ఒసేయ్, పాత సామాన్లమ్మేవాడి దగ్గర ఇంజను దొరికింది. తుప్పు లేదు. నేను కొన్నా. నువ్వు తిప్పుతావా, లేకపోతే బీరువాలో పెట్టుకోనా?"

"బీరువాలో పెట్టావంటే నీ మొహం చూడను," అంది మహాలక్ష్మి.

రెక్కలూ తోకా చెక్కతో చేసుకున్నారు. ఇంధనం కలుపుకున్నారు, మిథనాలనే స్పిరిట్టు మూడు పాళ్లు, ఆముదం ఒక పాలు. ట్యాంకు దగ్గర ఆగారు. బయట నుంచి తెప్పిద్దామంటే ఎప్పుడొస్తుందో తెలియదు. అప్పుడు మహాలక్ష్మి తన దొడ్డి వైపు చూసుకుంది. మిర్చి పండించే ఇంట్లో ఇంకేది కరువైనా పురుగుమందు సీసాలకు కరువుండదు. యాభై మిల్లీలది, వందది, రెండొందల యాభైది. గట్టి ప్లాస్టిక్కు, తెల్లటిది, ఎండకు పెడితే లోపల మట్టం కనపడుతుంది. సబ్బు నీళ్లతో, స్పిరిట్టుతో వాసన పోయేదాకా కడిగి, మూతకు రెండు సన్నటి ఇత్తడి గొట్టాలు బిగించింది. ఒకటి ఇంజనుకు అందించేది, రెండోది గాలి తీసుకునేది. పోసేటప్పుడు ఎక్కువైంది ఆ రెండో దాంట్లోంచే బయటికి పొర్లుతుంది. ఆ సీసాను విమానం పక్కకు రబ్బరు బ్యాండ్లతో కట్టేస్తే ట్యాంకు తయారు.

మొదట యాభై మిల్లీల సీసా పెట్టింది. తేలికగా ఉంటుందని ఆశ. విమానం బ్రహ్మాండంగా లేచింది, రెండు పల్టీలు కొట్టింది, మూడో దాని నడినెత్తిన ఇంజను టక్కున ఆగింది. తీగెలు వదులయ్యాయి. విమానం పోయి పక్క చేను కళ్లంలో ఎండబోసిన మిరపకాయల్లో ముక్కు దూర్చింది. దాన్ని బయటికి లాగే సరికి ఇద్దరు ఆడవాళ్లూ తుమ్మి తుమ్మి కళ్లు వాచాయి. ఊరు వారం రోజులు చెప్పుకుంది.

అప్పుడు ఆమె భర్త వెంకట్రామయ్య సలహా చెప్పాడు. వెంకట్రామయ్య ఒకప్పుడు ఎంపీటీసీ. ఇప్పటికీ పొద్దున్నే ఆయన వసారాలో పది మంది చేరనిదే ఊళ్లో తగువు తెగదు. మంచివాడే. చెడ్డవాడైతే మహాలక్ష్మి పని ఇంత కష్టం కాకపోను. కాకపోతే ఆయన దృష్టిలో ఏదైనా పెద్దదై ఉండాలి. ట్రాక్టరు పెద్దది, ఫ్లెక్సీ పెద్దది, ఇంటి గేటు లారీ పట్టేంత పెద్దది.

"చిన్న సీసాతో ఏం ఎగిరిద్దే? పెద్దది పెట్టు. ఉందిగా రెండొందల యాభైది," అన్నాడు.

సరే, అదీ చూద్దామని పెట్టింది. ముక్కు బరువెక్కి విమానం దున్నపోతులా కదిలింది. ట్యాంకు నిండుగా ఉన్నంతసేపు ఇంజను పొగలు కక్కుతూ మొద్దుగా తిరిగింది, ఖాళీ అయ్యేకొద్దీ గొంతు మార్చి కీచుగా అరిచింది. ఏ పల్టీ ఎక్కడ పడుతుందో చెప్పలేని పరిస్థితి. పైగా అది ఆగదు. పావుగంట దగ్గర పడుతున్నా ఆగదు. మహాలక్ష్మి తిరిగి తిరిగి కళ్లు బైర్లు కమ్మి, అది దిగాక చేలోనే చతికిలబడిపోయింది. గట్టు మీద నిలబడిన వెంకట్రామయ్య మాత్రం మురిసిపోయాడు. ఆ రోజు నుంచి వసారాలో కూర్చున్నవాళ్లకు భార్య విమానం పావుగంట ఎగిరిందని చెప్పుకున్నాడు. ఎలా ఎగిరిందని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

మహాలక్ష్మి వంద మిల్లీల సీసాకు వచ్చింది. అంచుదాకా పోస్తే అది నూట పాతిక దాకా పడుతుంది. ఆమెకు కావలసింది తొంభై అయిదు. మరి సరిగ్గా తొంభై అయిదు పట్టేది ఎందుకు వెతకలేదంటే, ఇంజను ఆకలి రోజూ ఒకటిగా ఉండదు. చలి పొద్దుల్లో ఎక్కువ తాగుతుంది, ఎండ ముదిరితే తక్కువ తాగుతుంది. సీసా అవసరానికి కాస్త పెద్దదై ఉండాలి, పోసేది సిరంజితో కొలిచి ఆ రోజుకు సరిపడా పోయాలి. ఈ మాట పుస్తకాల్లోనూ ఉంది, షకీలా కూడా చెప్పింది. కానీ మహాలక్ష్మి తన చేలో నిలబడి ఆదివారం తర్వాత ఆదివారం చూసుకున్నాక గానీ నమ్మలేదు. ఆమె తీరే అంత.

ఇలా ఉండగా విజయవాడ క్లబ్బువాళ్లు నరసరావుపేట కాలేజీ గ్రౌండులో పోటీ పెట్టారు. ఎవరైనా రావచ్చు. జెండా ఊపిన దగ్గర నుంచి ఏడు నిమిషాలు. అంతలో ఇంజను తిప్పాలి, విమానం లేపాలి, చెప్పిన వరుసలో విన్యాసాలన్నీ చేయాలి, ఇంజను ఆగాక మెత్తగా నేలకు దింపాలి. ఏడు దాటాక దిగితే దిగినందుకు ఒక్క మార్కు కూడా ఇవ్వరు.

ఈ సంగతి వసారాలో తెలిసింది. టీ ఇవ్వడానికి వచ్చిన మహాలక్ష్మిని వెంకట్రామయ్య ఆపాడు.

"పెద్ద సీసా పెడతన్నావుగా?"

"లేదండీ. వందది."

"అందరి ముందూ నామోషీ కాదంటే? పావుగంట ఎగిరేదాన్ని పట్టుకుని ఆరు నిమిషాలకి దించుతావా?"

"దించడమే పోటీ."

వసారాలో ఎవరో కిసుక్కున నవ్వారు. బాబాయి వరసయ్యే పుల్లారావు, ఊళ్లో ఎవరి ఇంట్లో ఏం జరిగినా ముందు తనకే తెలియాలనుకునే మనిషి, "మాట వినదురా నీ పెళ్లాం," అన్నాడు. అది వెంకట్రామయ్యకు గుచ్చుకుంది.

"సరే, నీ ఇష్టప్రకారమే పో. ప్రైజు తెచ్చావా, నీ ఇష్టమొచ్చినంత కాలం ఎగరేసుకో, నేనడ్డం రాను. తేలేదా, ఆ విమానం అటకెక్కాల్సిందే. ఇక దించేది లేదు. ఇంతమంది సాక్షి," అన్నాడు.

మహాలక్ష్మి ఖాళీ గ్లాసులు ఏరుకుని లోపలికి వెళ్లిపోయింది. ఒప్పుకుందని అందరూ అనుకున్నారు.

పోటీ శనివారం పడింది. కారులో ముందు వెంకట్రామయ్య, పక్కన పుల్లారావు. వెనక మహాలక్ష్మి, ఆమె ఒడిలో రెక్కలు, ఆ పక్కన అత్తగారు చెన్నమ్మ. చెన్నమ్మను ఎవరూ పిలవలేదు. చీర మార్చుకుని వచ్చి కారెక్కి కూర్చుంది. డెబ్బై దాటింది, షుగరుంది, ఇంజక్షను పొద్దూ మాపూ తనే వేసుకుంటుంది. కోడలి విమానాన్ని ఆమె ఏనాడూ మెచ్చుకోలేదు. అలాగని ఒక్క ఆదివారం కూడా గట్టు మీదకు రాకుండా ఉండలేదు. కోడలు ఇంధనం పోసేటప్పుడు పక్కన గొంతుక్కూర్చుని, ఆముదం వాసన బాగుందని మాత్రం అనేది.

గ్రౌండులో షామియానా కింద అందరి విమానాలూ వరసగా పెట్టారు. మెరిసే రంగులు, కొనుక్కొచ్చిన ట్యాంకులు. మహాలక్ష్మి విమానం పక్కన తెల్లటి సీసా చూసి హైదరాబాదు నుంచి వచ్చిన ఒకాయన వంగి చూశాడు. "పురుగుమందుదే," అంది మహాలక్ష్మి ఆయన అడగకముందే. ఆయన సర్దుకుని లేచాడు.

ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. షకీలా వేలితో గాలి చూసి, "తొంభై రెండు చాలు," అంది. మహాలక్ష్మికీ అదే తోచింది. సిరంజితో తొంభై రెండు కొలిచి పోసింది, గొట్టం బిగించింది. ఇక వీళ్ల వంతే అనగా, ముందు ఎగిరిన విమానం తీగె తెగి గ్రౌండు చివర పడింది. అందరూ అటు పరిగెత్తారు. జడ్జీలు మిగిలిన వాళ్లందరి తీగెలూ మళ్లీ లాగి చూడాలన్నారు. మహాలక్ష్మి, షకీలా తమ తీగెలు పట్టుకుని వెళ్లారు. విమానం దగ్గర చెన్నమ్మ కూర్చుని ఉంది.

తిరిగొచ్చి తీగెలు తగిలించారు. విమానం ఎత్తేటప్పుడు షకీలా ఒక్క క్షణం ఆగినట్టే ఆగింది గానీ, జెండా ఊపడంతో ప్రొపెల్లరు తిప్పేసింది. ఇంజను మొదటి దెబ్బకే అందుకుంది.

మహాలక్ష్మి వలయం మధ్యలో నిలబడి తల ఊపింది. షకీలా వదిలింది.

ఆ రోజు విమానం ఎగిరినట్టు అంతకుముందు ఎన్నడూ ఎగరలేదు. మూడు పల్టీలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. తలకిందులుగా రెండు చుట్లు, గడ్డి కొసలను తాకేంత కిందుగా తిరిగింది. చదరపు మలుపుల దగ్గర మూలలు మూలల్లాగే వచ్చాయి. నెత్తి మీద ఎనిమిది అంకె రాసేటప్పుడు తీగెలు బిగువు తప్పలేదు. మహాలక్ష్మి ఒళ్లంతా చేతి మణికట్టులోకి వచ్చేసింది. చివరి విన్యాసం అయిపోయింది. ఇక తలెత్తులో నెమ్మదిగా తిరుగుతూ ఇంజను ఆగడం కోసం చూడాలి. ఒకటి రెండు చుట్లలో ఆగాలి.

ఆగలేదు.

ఇంకో చుట్టు. ఇంకోటి. ఇంజను పాట మారలేదు. ఖాళీ అయ్యే ముందు వచ్చే ఆ దగ్గు రాలేదు. మహాలక్ష్మి పొద్దుటి లెక్క మళ్లీ వేసుకుంది. సిరంజి తప్పు చదివానా, షకీలా తప్పు చెప్పిందా, ఎండలో మరీ తక్కువ తాగుతోందా. తిరుగుతూనే షకీలా మొహం చూసింది. షకీలా రెండు చేతులూ గాల్లో తిప్పింది, నాకూ తెలియదని. జడ్జీల్లో ఒకరు ఎర్ర జెండా ఎత్తారు. ఏడు నిమిషాలైపోయాయి. ముగ్గురూ కలాలు కింద పెట్టేశారు.

షామియానా దగ్గర వెంకట్రామయ్య లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. ఎంతసేపు ఎగిరితే అంత గొప్ప అనుకుంటున్నాడు పాపం.

మహాలక్ష్మికి ఏడుపొచ్చింది. ఏడుపు వెంటే ఒళ్లు మండింది. మార్కులు పోయాయి, బహుమతి పోయింది, విమానం మాత్రం ఇంకా తన చేతిలోనే ఉంది, ఇంకా ఎగురుతూనే ఉంది. కలాలు పెట్టేశారుగా, ఇక ఎవరి లెక్కా లేదు. మణికట్టు ఒక్కసారి వంచింది. విమానం నిటారుగా నెత్తి మీదికి లేచింది. పోటీ వరసలో లేని గిరికీలు కొట్టించింది, గుంటూరులో డిగ్రీ చదివేటప్పుడు మాస్టారు వద్దన్నవి, తర్వాత ఎవరూ అడగనివి. తలకిందులుగా పైకెక్కించి తలకిందులుగానే దింపింది. హైదరాబాదాయన కుర్చీలోంచి లేచాడు. చివరికి ఇంజను దగ్గి ఆగితే, జారుకుంటూ వచ్చి జడ్జీల బల్ల ముందు మెత్తగా దిగింది. ఆ దిగడానికి మార్కుల్లేవు.

ఒక జడ్జీ దగ్గరికి వచ్చి, "అమ్మా, టైములో దిగి ఉంటే మూడో ప్రైజు మీదే," అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు గానీ అది పుండు మీద కారం చల్లినట్టయింది.

విమానం ఎత్తుకుని షామియానా కిందికి వచ్చేసరికి చెన్నమ్మ ఎదురొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"చూశావంటే అమ్మాయ్, ఎంతసేపు ఎగిరిందో! నేను నింపబట్టి!"

మహాలక్ష్మి కాళ్లు ఆగిపోయాయి. "ఏం నింపావు అత్తయ్యా?"

"మీరిద్దరూ అటు పోయారుగా. చూత్తే సీసా వెలితిగా ఉంది. మంచి పనికి పోయేటప్పుడు వెలితిదాన్ని ఎవరన్నా ఎదురు పెట్టుకుంటారంటే? బిందెయినా చెంబయినా నిండుగా ఉండాల్సిందేగా. గొట్టం ఊడదీసి, అంచుదాకా పోసి, మళ్లీ తగిలిచ్చా. అచ్చం నువ్వు చేసినట్టే. సిరంజి నాకేమన్నా కొత్తా?"

షకీలా నెత్తి కొట్టుకుంది. "పెద్దమ్మా, ఎంత పని చేశావు!"

మహాలక్ష్మికి చేతిలోని పిడి విసిరికొట్టాలనిపించింది. అత్త మొహాన్నే విసిరికొట్టాలనిపించింది, దాచడమెందుకు. పిడి పట్టుకునే షామియానా వెనక్కి పోయి గోడ నీడన కూర్చుంది. ఇరవై ఏడేళ్లుగా ఈ ఇంట్లో తను ఏది కొలిచి పెట్టినా ఎవరో ఒకరు దాని మీద ఇంకాస్త పోస్తూనే ఉన్నారు. ప్రేమతోనే పోస్తారు. అదే కష్టం, ప్రేమతో పోసినదాన్ని తిట్టడానికి కూడా ఉండదు.

కాసేపటికి చెన్నమ్మ వెతుక్కుంటూ వచ్చింది. షకీలా అంతా విడమర్చి చెప్పినట్టుంది. పక్కన కూలబడి, చాలాసేపు కొంగు మెలితిప్పింది.

"నా వల్లే పోయిందని వాడికి చెప్తా. నా మాట కాదనడు. ఈసారికి వదిలెయ్యరా, ఇంకోసారి చూద్దామంటా. అటకెక్కించడులే."

అది నిజమే. చెన్నమ్మ చెబితే వెంకట్రామయ్య వింటాడు. ఒక్క మాటతో పోయేది. మహాలక్ష్మి ఆ దారి ఎంత సులువో చూసుకుంది. చూసుకున్నకొద్దీ ఆమెకు రోషం పెరిగింది.

"చెప్పొద్దు," అంది.

"అదేందే?"

"చెప్తే సరేనంటారు. ఇంకోసారి అంటారు. ఆ ఇంకోసారి గాలొస్తే? తీగె తెగితే? మళ్లీ ఇంకో సాకు వెతుక్కుని పోయి నిలబడాలా ఆయన ముందు? ప్రైజు రానోళ్లంతా రేపటి నుంచి మానేత్తారా అత్తయ్యా? ఆ హైదరాబాదాయనకీ రాలేదు. ఆయన్ని ఎవరన్నా అటకెక్కించమన్నారా?"

చెన్నమ్మ ఆలోచించింది. "అనలేదు," అని ఒప్పుకుంది.

"అయితే నువ్వు నోరు మెదపొద్దు. నింపింది నువ్వని తెలిత్తే గొడవ నీ మీదికి పోయిద్ది. ఇది నీదీ నాదీ గొడవ కాదు."

దారిలో వెంకట్రామయ్య సత్తెనపల్లి దాకా ఉత్సాహంగానే ఉన్నాడు. "ఎనిమిది నిమిషాలు దాటింది బాబాయ్! నే చెప్పలా, ఎక్కువసేపు ఎగిరితేనే అందమని!" అన్నాడు. పుల్లారావు మెల్లగా, ప్రైజు రాలేదు కదా అని గుర్తు చేశాడు. చెన్నమ్మ రెండుసార్లు నోరు తెరిచి, కోడలి వైపు చూసి మూసుకుంది.

ఇంటికొచ్చాక సాయంత్రం వెంకట్రామయ్య వంటింటి అటకకు నిచ్చెన వేశాడు. కోపంగా లేడు. తను అన్న మాటకు తనే చిక్కిన మనిషిలా ఉన్నాడు.

"నాకేం సరదా కాదే. నలుగురిలో అన్నాక తప్పదు. నువ్వూ ఒప్పుకున్నావు," అన్నాడు.

"నేనా? ఏమన్నాను?"

వెంకట్రామయ్య జ్ఞాపకం చేసుకోబోయాడు. ఏమీ దొరకలేదు.

"గ్లాసులు ఎత్తుకుపోయా," అంది మహాలక్ష్మి. "గ్లాసులెత్తితే ఒప్పుకున్నట్టయితే, ఈ ఇంట్లో నేను ఒప్పుకోనిదేముంది? పందెం మీరు కాశారు, మీలో మీరు కాసుకున్నారు. నన్నెవరూ అడగలేదు."

"మరి నా మాట?"

"మీ మాట మీరు నిలబెట్టుకోండి. ఎక్కించండి. నేను అడ్డం రాను. పొద్దున దించుకుంటా. మళ్లీ సాయంత్రం ఎక్కించుకోండి, మళ్లీ దించుకుంటా. ఎవరికి ముందు విసుగొత్తదో చూద్దాం."

ఆయన విమానం అందుకోబోతుంటే, రబ్బరు బ్యాండ్లు తప్పించి సీసా మాత్రం తీసుకుంది. "దీంతో నాకు పనుంది," అంది. వెంకట్రామయ్య విమానాన్ని అటక మీద పెట్టి, దిగి, నిచ్చెన ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకునే కాసేపు నిలబడ్డాడు.

మహాలక్ష్మి మెట్ల మీద కూర్చుని సీసా మూత విప్పింది. గాలి గొట్టం కొసను లోపలికి ఇంకాస్త దింపింది, నీళ్లు పోసి చూసింది, మళ్లీ దింపింది. చెన్నమ్మ దూరం నుంచి చూసి చూసి దగ్గరకొచ్చింది.

"ఏం చేత్తన్నావే?"

"నీ కోసమే. ఇక నువ్వు పొర్లిందాకా పోసుకో. ఎంత పోసినా నాకు కావాల్సినంతకి రాగానే మిగతాది ఈ గొట్టంలోంచి బయటికి పోయిద్ది. చలికాలానికి ఇంకో సీసా చేసుకుంటా."

"పొర్లిందాకా పోత్తే వెలితి కాదుగా?"

"కాదు."

"మరి ముందే చెయ్యాల్సింది," అంది చెన్నమ్మ. మహాలక్ష్మికి ఆ రోజు మొదటిసారి నవ్వొచ్చింది.

మర్నాడు ఆదివారం. షకీలా మొదటి బస్సుకే దిగి చేలో ఉన్నానని ఫోన్ చేసింది. వసారా అప్పటికే నిండింది. నిన్నటి కబురు ఊరంతా పాకింది కాబట్టి మామూలుగా రాని వాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు. వెంకట్రామయ్య మధ్యలో కుర్చీలో ఉన్నాడు. లోపల నిచ్చెన గోడకు ఆనిన చప్పుడు అందరికీ వినపడింది. ఆయనకూ వినపడింది. పేపరు పేజీ తిప్పాడు.

దొడ్డి దారి ఉంది. అటు నుంచి పోతే ఎవరి కంటా పడకుండా చేలోకి పోవచ్చు. మహాలక్ష్మి విమానం ఎత్తుకుని వసారాలోకే వచ్చింది. వెనక చెన్నమ్మ, చేతిలో సిరంజి, ఇంధనం డబ్బా. అందరూ వెంకట్రామయ్య వైపు చూశారు. వెంకట్రామయ్య పేపరు దించాడు, భార్య వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు, ఏదో అనబోయి గొంతు సవరించుకున్నాడు. మళ్లీ పేపరు ఎత్తుకున్నాడు.

గుమ్మానికి అడ్డంగా కాళ్లు చాపుకుని కూర్చున్న పుల్లారావు ఊరుకోలేకపోయాడు.

"ఏం అమ్మాయ్, ఓడిపోయావంటగా?"

"ఓడిపోయా బాబాయ్. కాళ్లు తియ్, రెక్క తగిలిద్ది."